మతాల లెక్క మారినప్పుడు: హేస్ ఊరు చెప్పే చరిత్ర

ఈ మధ్య ఏ షేరింగ్ ఇంట్లో నలుగురు కూర్చున్నా, ఏ వేర్‌హౌస్ క్యాంటీన్‌లో టీ తాగుతున్నా ఒక మాట తప్పకుండా వస్తోంది. "ఈ దేశం మునుపటిలా లేదు, వాళ్ళ సంఖ్య పెరిగిపోతోంది, ఇంకో ముప్పై ఏళ్ళకి ఇక్కడ ఎవరి చట్టం నడుస్తుందో ఏమో" అని. ఆ "వాళ్ళు" ఎవరన్నది మాట్లాడే మనిషిని బట్టి మారుతుంది. కొందరు తెల్లవాళ్ళు ఆ మాట అన్నప్పుడు అందులో మనం కూడా ఉంటాం. మనవాళ్ళలో కొందరు అన్నప్పుడు పక్క వీధిలో మసీదుకి వెళ్ళేవాళ్ళు ఉంటారు. ఎవరన్నా భయం ఒక్కటే: ఏ మతంవాళ్ళు ఎక్కువైతే రాజ్యం వాళ్ళదైపోతుందని.

ఈ భయంలో నిజమెంత? జోస్యం చెప్పడం మన పని కాదు. జరిగిన చరిత్ర మాత్రం మన కళ్ళముందే ఉంది. మనం అద్దెకుంటున్న ఈ హేస్ ఊరు ఆ చరిత్రకి మంచి సాక్షి. అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఆర్చిబిషప్ గారి ఊరు

1086లో ఇంగ్లండ్ రాజు తన రాజ్యంలోని భూములన్నింటికీ లెక్క రాయించాడు. దాన్ని డూమ్స్‌డే పుస్తకం అంటారు. అందులో హేస్ కాంటర్‌బరీ ఆర్చిబిషప్ భూమిగా ఉంది. మన భాషలో చెప్పాలంటే దేవుడి మాన్యం లాంటి ఊరు. దున్నేవాడు పంటలో పదోవంతు చర్చికి కట్టాలి. పుట్టుక, పెళ్ళి, చావు అన్నీ చర్చి లెక్కలోనే. ఆ కాలపు ఆనవాళ్ళు సెయింట్ మేరీ చర్చిలో ఇప్పటికీ చూడొచ్చు. 16వ శతాబ్దంలో ఎనిమిదో హెన్రీ రాజు పోప్‌తో తెగతెంపులు చేసుకుని, 1534లో ఇంగ్లండ్ చర్చికి తానే పెద్దనని చట్టం చేయించాడు. హేస్ కూడా ఆర్చిబిషప్ చేతిలోంచి రాజు చేతికి పోయింది.

ఆ ఏర్పాటు కాగితం మీద ఇవాళ్టికీ రద్దు కాలేదు. ఇప్పుడున్న మూడో చార్లెస్ రాజు ఇంగ్లండ్ చర్చికి సుప్రీం గవర్నర్. హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో 26 మంది బిషప్పులకి పదవి రీత్యా సీట్లున్నాయి. ఇండియా నుంచి వచ్చిన మనకి ఇది వింతగానే ఉంటుంది. మన రాజ్యాంగం పీఠికలో 1976లో చేర్చిన "లౌకిక" అనే మాట ఉంది. బ్రిటన్‌కి అలా ఒక్కచోట రాసిపెట్టిన రాజ్యాంగమే లేదు, ఇంగ్లండ్‌కి అధికార మతం మాత్రం ఉంది. అయినా ఇక్కడ ఆఫీసులో గానీ, ఆసుపత్రిలో గానీ, ఓటేసే దగ్గర గానీ నీ మతమేంటని అడిగి పని ఆపేవాళ్ళు లేరు. కాగితం మీద మత రాజ్యం, నడకలో చాలావరకు లౌకిక రాజ్యం. ఈ నడక ఎలా వచ్చిందన్నదే అసలు కథ.

బయట నిలబెట్టినవాళ్ళు లోపలికి వచ్చిన తీరు

1673లో వచ్చిన టెస్ట్ చట్టం ప్రకారం ఇంగ్లండ్ చర్చి పద్ధతిలో ప్రసాదం తీసుకోనివాడికి ప్రభుత్వ ఉద్యోగం లేదు. క్యాథలిక్కులు, వేరే శాఖల ప్రొటెస్టెంట్లు, యూదులు అందరూ గుమ్మం బయటే. 1828లో ఆ చట్టం రద్దయింది. అదే ఏడు ఐర్లండ్‌లోని క్లేర్ నుంచి డేనియల్ ఓ'కానెల్ అనే క్యాథలిక్ నాయకుడు ఎన్నికల్లో గెలిచాడు. గెలిచిన మనిషి తన మతం వల్ల పార్లమెంటులో కూర్చోలేడు! ఐర్లండ్ జనంలో ఎక్కువమంది క్యాథలిక్కులే, అక్కడ తిరుగుబాటు వస్తుందేమోనని ప్రభుత్వం భయపడింది. 1829లో క్యాథలిక్కులకి తలుపు తెరిచింది.

తర్వాత యూదుల వంతు. లయొనెల్ డి రోత్‌షీల్డ్ లండన్ నుంచి 1847లో మొదటిసారి గెలిచాడు. "నిజమైన క్రైస్తవుడిగా" అని ప్రమాణం చెయ్యాలన్నారు, ఆయన చెయ్యనన్నాడు. పదకొండేళ్ళు గెలుస్తూనే ఉన్నా 1858లో గానీ సీట్లో కూర్చోలేకపోయాడు. ఆ తర్వాత నాస్తికుల వంతు. చార్లెస్ బ్రాడ్‌లా 1880లో నార్తాంప్టన్ నుంచి గెలిచాడు. దేవుడి మీద ఒట్టు వెయ్యను, మాటిస్తాను అన్నాడు, ఆ గొడవలో ఆయన్ని పార్లమెంటులోనే నిర్బంధించారు కూడా. చివరికి 1886లో సీటు దక్కింది. 1888లో దేవుడి పేరెత్తకుండా ప్రమాణం చేసే హక్కు చట్టమైంది. మనం ఇక్కడి కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి వస్తే గీత మీద, బైబిల్ మీద, ఖురాన్ మీద చెయ్యి పెట్టొచ్చు, ఏదీ లేకుండా మాటైనా ఇవ్వొచ్చు. ఆ వెసులుబాటు వెనక బ్రాడ్‌లా పోరాటం ఉంది. ఆయన మన దేశం కోసం కూడా పార్లమెంటులో గట్టిగా మాట్లాడినవాడు. 1889 బొంబాయి కాంగ్రెస్ సభకి వచ్చాడు. 1891లో ఆయన అంత్యక్రియలకి, అప్పుడు లండన్‌లో చదువుకుంటున్న గాంధీ కూడా వెళ్ళాడు. మరుసటేడు, 1892లో, దాదాభాయ్ నౌరోజీ అనే పార్సీ లండన్‌లోని ఫిన్స్‌బరీ సెంట్రల్ నుంచి పార్లమెంటుకి ఎన్నికయ్యాడు.

ప్రతిసారీ వినిపించిన అభ్యంతరం ఒకటే: వీళ్ళని లోపలికి రానిస్తే దేశం మన దేశంగా ఉండదు అని. ప్రతిసారీ తలుపు తెరిచారు, దేశం కూలిపోలేదు. పైగా మతాన్ని బట్టి మనిషిని కొలిచే అలవాటు ఒక్కో మెట్టు తగ్గుతూ వచ్చింది. అంటే ఇక్కడి లౌకికత ఒకే మతంవాళ్ళు ప్రశాంతంగా కూర్చుని రాసుకున్నది కాదు. బయటివాళ్ళు తలుపు తట్టగా తట్టగా వచ్చినది. జనాభా మార్పు దాన్ని చెడగొట్టడం మాట అటుంచి, సగానికి సగం పుట్టించింది అదే.

ఫ్యాక్టరీ, తలపాగా, హెల్మెట్

18వ శతాబ్దం చివర్లో కాలువ, 19వ శతాబ్దంలో రైలు హేస్‌కి వచ్చాయి. 1907లో గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీకి నెల్లీ మెల్బా అనే గాయని శంకుస్థాపన చేసింది. మన తాతల కాలంలో నాటకాల పద్యాలూ భక్తి పాటలూ వినిపించిన, కుక్క బొమ్మ ఉన్న హెచ్‌ఎంవీ రికార్డుల కంపెనీ ఇదే. 1931లో ఇది ఈఎంఐ అయింది. నెస్లే ఫ్యాక్టరీ, పక్కనే హీత్రూ విమానాశ్రయం, చుట్టూ గోడౌన్లు: పని ఎక్కడుంటే మనుషులు అక్కడికి వస్తారు. ఐరిష్ వాళ్ళు వచ్చారు, వేల్స్ నుంచి వచ్చారు, 1950ల నుంచి పంజాబ్ వాళ్ళు వచ్చారు, చాలా తర్వాత మనం వచ్చాం.

పక్కనున్న సౌతాల్‌లో 1957లో ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ పెట్టుకున్నారు. పేరు గమనించండి. సిక్కుల సంఘం అనలేదు, ఇండియా కార్మికుల సంఘం అన్నారు. 1965లో వుల్ఫ్ రబ్బర్ ఫ్యాక్టరీలో మన దేశపు కార్మికులు సమ్మె చేసినప్పుడు గొడవ కూలి గురించి, గౌరవం గురించి. 1976లో గుర్‌దీప్ సింగ్ చగ్గర్ అనే కుర్రాడిని సౌతాల్ వీధిలో పొడిచి చంపారు. 1979 ఏప్రిల్ 23న నేషనల్ ఫ్రంట్ సభకి వ్యతిరేకంగా జనం వీధుల్లోకి వచ్చినప్పుడు బ్లెయిర్ పీచ్ అనే టీచర్ చనిపోయాడు. ఆయన న్యూజీలాండ్‌లో పుట్టిన తెల్లవాడు. మన పక్షాన నిలబడి ప్రాణం పోగొట్టుకున్నవాడు మన మతంవాడు కాదు, మన రంగువాడు కాదు.

అదే కాలంలో తలపాగా గొడవ నడిచింది. వుల్వర్‌హాంప్టన్ బస్సుల్లో సిక్కు డ్రైవర్లు తలపాగా, గడ్డంతో పనిచెయ్యడానికి 1967 నుంచి 1969 దాకా పోరాడాల్సి వచ్చింది. సౌతాల్ ఎంపీ సిడ్నీ బిడ్‌వెల్ పెట్టిన బిల్లుతో 1976లో తలపాగా కట్టుకున్న సిక్కులకి మోటార్ సైకిల్ హెల్మెట్ నుంచి మినహాయింపు వచ్చింది. 1989లో బిల్డింగ్ సైట్లలో గట్టి టోపీ నుంచి, 2015లో మిగతా చాలా పనిచోట్లలో కూడా మినహాయింపు ఇచ్చారు.

ఫ్రాన్స్ ఇంకో దారిలో వెళ్ళింది. 1905లో చర్చినీ ప్రభుత్వాన్నీ పూర్తిగా విడదీసింది. 2004లో సర్కారు బడుల్లో కొట్టొచ్చినట్టు కనిపించే మత చిహ్నాలు వద్దని చట్టం చేసింది. అది ఎక్కువగా ముస్లిం ఆడపిల్లల తలగుడ్డ మీద వచ్చిన చర్చే అయినా, సిక్కు పిల్లల తలపాగా కూడా అందులో పోయింది. ఒక దేశం "మీ గుర్తులు ఇంటి దగ్గర పెట్టి రండి" అంది. ఇంకో దేశం "మీకూ కొంచెం చోటిస్తాం, సర్దుకుని కూర్చోండి" అంది. రెండు దారుల్లోనూ ఇబ్బందులున్నాయి. ఇక్కడి దారిలో ఇబ్బంది ఏమిటో బడుల దగ్గర బాగా తెలుస్తుంది.

బడి దగ్గర తేలని లెక్క

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ డబ్బుతో నడిచే బడుల్లో సుమారు మూడోవంతు ఏదో ఒక మతానికి చెందినవే, అందులో ఎక్కువ భాగం ఆంగ్లికన్, క్యాథలిక్ బడులు. క్రైస్తవులకి ఇస్తున్నప్పుడు మాకెందుకివ్వరు అని మిగతావాళ్ళు అడగడం న్యాయమే కదా. 1998లో లండన్‌లోని బ్రెంట్‌లో మొదటి ముస్లిం బడికి ప్రభుత్వ నిధులొచ్చాయి. 1999లో మొదటి సిక్కు బడికి వచ్చాయి. అది ఎక్కడో కాదు, మన హేస్‌లోనే ఉన్న గురునానక్ బడి. 2008లో హారోలో మొదటి హిందూ బడి, కృష్ణ అవంతి, మొదలైంది.

సమానత్వం అంటే ఇదేనా? ఒక రకంగా అవును. ఇంకో రకంగా చూస్తే, పిల్లలు చిన్నప్పటి నుంచే మతం వారీగా వేరే గేట్లలోకి వెళ్తున్నారు. కొన్ని మత బడుల్లో సీట్లు తక్కువై పిల్లలు ఎక్కువైనప్పుడు సొంత మతం పిల్లలకి ముందు సీట్లిస్తారు. 2010 తర్వాత వచ్చిన ఫ్రీ స్కూళ్ళలో మతం చూసి ఇచ్చే సీట్లు సగానికి మించకూడదని పరిమితి పెట్టారు. మామూలు సర్కారు బడుల్లో కూడా రోజూ సామూహిక ప్రార్థన ఉండాలని 1944 చట్టం చెప్పింది. అది ప్రధానంగా క్రైస్తవ స్వభావంతో ఉండాలని 1988 చట్టం చెప్పింది. చాలా బడులు దీన్ని అంత పట్టుగా పాటించవు. పిల్లల్ని ఆ ప్రార్థన నుంచి తప్పించే హక్కు తల్లిదండ్రులకి ఉంది. మనలో చాలామందికి ఈ సంగతి తెలియదు, తెలుసుకోవాలి.

అందరికీ తలో వాటా ఇస్తూ పోతే ఒక చిక్కు వస్తుంది. వాటా ఉన్నచోట లెక్క ఉంటుంది. లెక్క ఉన్నచోట, ఎవరు పెరిగారు ఎవరు తగ్గారు అనే పోటీ ఉంటుంది.

అసలు లెక్క ఏం చెబుతోంది

ఇంగ్లండ్, వేల్స్ జనాభా లెక్కల్లో ఇప్పుడున్న తీరులో మతం ప్రశ్న 2001లో మొదలైంది. జవాబు చెప్పడం మన ఇష్టం. 2001లో క్రైస్తవులమని రాసినవాళ్ళు సుమారు 72 శాతం. 2021లో 46.2 శాతం. ఇది చూసి "చూశారా, వలసవాళ్ళు ఎంత మార్చేశారో" అంటారు. కొంచెం ఆగి మిగతా అంకెలు కూడా చూద్దాం. ముస్లింలు, హిందువులు, సిక్కులు ముగ్గురినీ కలిపితే 2001లో 5 శాతం లోపు, 2021లో 9 శాతం చిల్లర. అంటే ఇరవై ఏళ్ళలో పెరిగింది నాలుగైదు శాతం. ఏ మతమూ లేదని రాసినవాళ్ళు మాత్రం సుమారు 15 శాతం నుంచి 37.2 శాతానికి పెరిగారు. చర్చి నుంచి జారిపోయిన జనంలో ఎక్కువమంది మసీదుకో గుడికో వెళ్ళలేదు, ఆదివారం ఇంట్లోనే ఉండిపోయారు.

ఇంకో సంగతి. ఇవాళ చాలా చర్చిలు నిండుతున్నాయంటే వలసవాళ్ళ వల్లే. పోలండ్, నైజీరియా, గోవా, కేరళ వాళ్ళతోపాటు మన గుంటూరు, ఖమ్మం వాళ్ళు కూడా అందులో ఉన్నారు. కాబట్టి "వలస వచ్చింది, క్రైస్తవం పోయింది" అనే మాట లెక్కకి నిలబడదు.

తలల లెక్క మీద కట్టిన రాజ్యాలు

ఇప్పుడు లెబనాన్ వైపు చూద్దాం. అక్కడ మతాల వారీగా పదవులు పంచుకున్నారు. అధ్యక్షుడు మారొనైట్ క్రైస్తవుడు, ప్రధాని సున్నీ, స్పీకర్ షియా. పార్లమెంటులో ఆరుగురు క్రైస్తవులకి ఐదుగురు ముస్లింలు. ఈ వాటాలకి ఆధారం 1932 జనాభా లెక్క. ఆ తర్వాత ఇప్పటిదాకా అధికారికంగా మళ్ళీ జనాన్ని లెక్కపెట్టనే లేదు. లెక్క తేలితే ఏర్పాటు కూలుతుందనే భయం. 1975 నుంచి 1990 దాకా అక్కడ నడిచిన యుద్ధానికి ఈ వాటాల తగాదా కూడా ఒక కారణం. 1989 ఒప్పందంలో సగం సగం చేశారు, మతం వారీ వాటా మాత్రం పోలేదు.

ఉత్తర ఐర్లండ్‌ని 1921లో ప్రొటెస్టెంట్లకి ఎప్పటికీ మెజారిటీ ఉండేలా గీత గీసి విడదీశారు. ఇళ్ళు, ఉద్యోగాలు, స్థానిక ఓటు దగ్గర క్యాథలిక్కులకి అన్యాయం జరిగింది. ముప్పై ఏళ్ళు రక్తం పారాక 1998లో ఒప్పందం కుదిరింది. 2021 లెక్కల్లో క్యాథలిక్ నేపథ్యం ఉన్నవాళ్ళు 45.7 శాతం, ప్రొటెస్టెంట్ నేపథ్యం ఉన్నవాళ్ళు 43.5 శాతం. దేన్ని ఆపాలని గీత గీశారో అది జరిగింది. పెద్దగా అల్లర్లేమీ లేవు. ఎందుకంటే అప్పటికే హక్కులు మెజారిటీ మీద ఆధారపడకుండా ఒప్పందం రాసుకున్నారు.

మన దగ్గరికి వస్తే హైదరాబాద్ రాజ్యం. రాజు ముస్లిం, జనంలో ఎక్కువమంది హిందువులు. నిజాం గుళ్ళకీ ఇనాములిచ్చాడు, నిజమే. కానీ రాజ్యం ఎవరిదనే ప్రశ్నకి జవాబు జనం చేతిలో లేదు. దొరతనం మీద, వెట్టి మీద జరిగిన పోరాటంలో మఖ్దూం మొహియుద్దీన్ లాంటివాళ్ళు ముందున్నారు. రజాకార్లకి ఎదురు రాసినందుకు ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని 1948 ఆగస్టులో చంపేశారు. మరుసటి నెలలో రాజ్యం మారింది. మారాక ఏమైంది? చాలా జిల్లాల్లో మామూలు ముస్లింల మీద దాడులు జరిగాయి. ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా ప్రకారం చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల మంది. గద్దె మీద కూర్చున్నది ఒకరు, దెబ్బ తిన్నది కూలీనాలీ చేసుకునేవాళ్ళు. తలల లెక్క అటు తిరిగినా ఇటు తిరిగినా నలిగేది వీళ్ళే.

గల్ఫ్‌లో పనిచేసినవాళ్ళకి ఇంకో సంగతి తెలుసు. యూఏఈ జనాభాలో పదిమందిలో ఎనిమిదిమందికి పైగా విదేశీయులే. అయినా అక్కడి చట్టం వాళ్ళ చేతిలో లేదు. అంటే సంఖ్య ఒక్కటే ఏదీ తేల్చదు. ఓటు ఎవరికుంది, హక్కు ఎలా రాసుంది అన్నదే తేలుస్తుంది.

విమానం దిగితే మారే మెజారిటీ

ఇక మన సంగతి. శంషాబాద్‌లో విమానం ఎక్కినప్పుడు మెజారిటీ మతంలో ఉన్న హిందువు హీత్రూలో దిగేసరికి 1.7 శాతంలో ఒకడు. అక్కడ మైనారిటీ అయిన తెలుగు క్రైస్తవుడు ఇక్కడ పెద్ద మతంలో ఉంటాడు, అయినా రంగు వల్ల బయటివాడే. హైదరాబాద్ ముస్లిం రెండు చోట్లా మైనారిటీయే. ముగ్గురూ ఒకే ఇంట్లో అద్దె పంచుకుంటారు, ఒకే ఏజెన్సీ దగ్గర షిఫ్టు కోసం చూస్తారు. "ఎక్కువమంది మాటే చెల్లాలి" అని ఊళ్ళో అన్న మనిషి ఇక్కడికొచ్చి దీపావళికి సెలవు కావాలని ఏ మొహంతో అడుగుతాడు? ఇక్కడ మనకి కావాలనుకున్న న్యాయాన్ని అక్కడ మన పక్కవాడికీ కోరాలి.

మతం లెక్క మనిషి బతుకునెలా కట్టేస్తుందో మన దళిత క్రైస్తవులకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవులకి, ముస్లింలకి లేదు. చర్చికి వెళ్ళే మనిషి సర్టిఫికెట్‌లో హిందువుగా ఉండిపోవడానికి కారణం ఇదే. వాడలో కులం మారలేదు, కాగితం మీద మతం మారితే హక్కు పోతుంది. కులం ఇక్కడికీ వచ్చింది. 2010 సమానత్వ చట్టం మతం వల్ల గానీ, మతం లేకపోవడం వల్ల గానీ పనిలో వివక్ష చూపకూడదంటుంది. కులాన్ని కూడా అందులో చేర్చాలని 2013లో పార్లమెంటు నిర్ణయించింది. 2018లో ప్రభుత్వం వెనక్కి తగ్గి, కోర్టు తీర్పుల మీద వదిలేస్తామంది. ఇది ఇంకా పూర్తికాని పని.

ముప్పు లేదని చెప్పడం లేదు. 2022లో లెస్టర్‌లో క్రికెట్ మ్యాచ్ తర్వాత హిందూ, ముస్లిం కుర్రాళ్ళు వీధుల్లో తలపడ్డారు. 2024లో సౌత్‌పోర్ట్‌లో పిల్లల హత్య తర్వాత, హంతకుడు ముస్లిం శరణార్థి అని అబద్ధం పుట్టించి మసీదు మీద, శరణార్థులున్న హోటళ్ళ మీద దాడులు చేశారు. రెండు చోట్లా అంటించింది ఫోన్లో తిరిగిన పుకార్లే. ఆ గుంపుకి హిందువు ఎవరో ముస్లిం ఎవరో చూసే తీరిక ఉండదు, చర్మం రంగే కనిపిస్తుంది.

మరి లౌకిక సమాజం నిలబడుతుందా అంటే, చరిత్ర చెప్పే జవాబు ఇది: హక్కు మనిషికి రాసి ఉన్నచోట లెక్కలు మారినా నిలబడింది. హక్కు మతాల గుంపులకి పంచిపెట్టినచోట ప్రతి జనాభా లెక్కా ఒక యుద్ధంలా మారింది. ఇక్కడ మనం చూస్తూ కూర్చునేవాళ్ళం కూడా కాదు. చెల్లే వీసాతో ఇక్కడుంటున్న భారత పౌరులకి, కామన్‌వెల్త్ పౌరులుగా, ఈ దేశ ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది. పాస్‌పోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేదు. పేరు నమోదు చేసుకోండి. యూనియన్‌లో చేరండి. మతం పేరుతో ఫోన్లోకి వచ్చిన మెసేజ్‌ని ఇంకొకరికి పంపకండి. రూమ్‌మేట్ రంజాన్ ఉపవాసం ఉంటే, ఆదివారం ప్రార్థనకి వెళ్ళాలంటే, శివరాత్రి జాగారం చేస్తే ఆ షిఫ్టు మార్చుకోండి. ఓ'కానెల్, బ్రాడ్‌లా, సౌతాల్ కార్మికులు తెరిచిన తలుపులోంచే మనం లోపలికి వచ్చాం. మన వెనక వచ్చేవాళ్ళ మొహం మీద దాన్ని వేసెయ్యకుండా చూడటం మన వంతు.